కంచానికీ మంచానికీ మధ్య

చెన్నై నుంచి వచ్చే రాత్రి లోకల్ ఆగగానే సూళ్లూరుపేట స్టేషన్ కిటకిటలాడుతుంది. తెల్లారకముందే క్యారియర్ కట్టుకుని పోయినవాళ్లు నిద్రకళ్లతో దిగుతారు. శ్రీసిటీ కంపెనీల బస్సులు ఇంకో షిఫ్టును దించిపోతాయి. ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని, కంచం ముందు కూర్చునేసరికి తొమ్మిదిన్నర. వేడన్నం, చేపల పులుసు, వేయించిన ఎండుచేప. పొద్దుటి నుంచీ సరిగా తినని మనిషి ఆ ఒక్క పూట కడుపారా తింటాడు. చెయ్యి కడిగిన పావుగంటకు మంచమెక్కుతాడు.

ఆ పులుసును నేను తప్పుపట్టను. అన్నం ఒక గరిటె తగ్గించి, కూర ఒక గరిటె పెంచుకోవాలి. ఎండుచేప ఉన్న పూట ఊరగాయ, అప్పడం మానుకోవాలి. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ మూడూ ఒకే కంచంలో చేరితే ఆ హద్దు ఎప్పుడు దాటామో కూడా తెలియదు. అయితే అసలు చిక్కు తిండిలో కన్నా, కంచానికీ మంచానికీ మధ్య విరామం లేకపోవడంలో ఉంది.

తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి జోరుగా చేరేది మొదటి గంట, గంటన్నరలోనే. ఆ వేళ నాలుగడుగులు వేస్తే తొడల్లో, పిక్కల్లో ఉన్న కండరాలు ఆ చక్కెరను వాడుకుంటాయి. పడుకుంటే ఆ సాయం అందదు, పైగా పులితేన్పులు, గుండెల్లో మంట. ఐర్లండ్‌లోని లిమరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్ని పాత అధ్యయనాలను కలిపి చూసి 2022లో తేల్చింది ఇదే: తిన్నాక కూర్చుండిపోకుండా మధ్యమధ్యలో లేచి రెండు నుంచి ఐదు నిమిషాలు మెల్లగా నడిచినా రక్తంలో చక్కెర అంతగా పెరగదు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారనీ ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్కగట్టింది. అన్నమే ప్రాణంగా బతికే నెల్లూరు సీమవాళ్లం మనం. ఇది మనకు పట్టని లెక్క కాదు.

చీకటితోనే రైలందుకునే మనిషికి పొద్దున నడకకు వెళ్లమని చెప్పి ప్రయోజనం లేదు. అతని చేతిలో ఉన్నది రాత్రి భోజనం తర్వాతి పది నిమిషాలే. వీధి చివరిదాకా పోయిరావచ్చు. దగ్గర్లో ఉన్నవాళ్లు కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడిదాకా నడవచ్చు. రేయింబవళ్లు తలుపు వెయ్యని గుడి అది, ఏ షిఫ్టు నుంచి వచ్చినా అమ్మ దర్శనం దొరుకుతుంది.

ఒక్కరే వెళ్లకండి. పొద్దున నిద్రలేవని పిల్లలు, రోజంతా ఇంట్లోనే ఉన్న అమ్మ, ఉద్యోగం నుంచి అలసి వచ్చిన భార్య... వీళ్లతో మాట్లాడటానికి మీకు మిగిలిన వేళ కూడా అదే. ఫోను ఇంట్లో పెట్టి బయల్దేరండి. అమెరికాలో 1938 నుంచి సాగుతున్న హార్వర్డ్ అధ్యయనం మనుషుల జీవితాలను దశాబ్దాల తరబడి గమనించి, ఆయుష్షుకూ ఆనందానికీ మంచి అనుబంధాలే గట్టి ఆసరా అని చెప్పింది. చక్కెర తగ్గించే నడకే ఇంటిల్లిపాదినీ దగ్గర చేస్తుందంటే అంతకన్నా చవకైన వైద్యం ఏముంది? మధుమేహానికి మందులు వాడేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

పురపాలకులకు ఒక విన్నపం. రాత్రి పదింటికి ఆడవాళ్లు, పెద్దవాళ్లు నిర్భయంగా నడవాలంటే సందుసందుకూ దీపం వెలగాలి, కాలువల మీద మూతలుండాలి, కుక్కల బెడద తగ్గాలి. ఊరి ఆరోగ్యానికి చేసే ఖర్చులో వీటినీ చేర్చండి.