డుగ్గుడుగ్గు సరే... ఆగేదెలా?

బుల్లెట్ అనగానే ఎవరైనా మొదట చెప్పేది చప్పుడు గురించే. బండి వీధి మలుపు తిరగ్గానే ఇంట్లోవాళ్లకు తెలిసిపోతుంది... ఆయనొచ్చేశారని! పికప్ గురించి చెబుతారు, బరువు గురించి చెబుతారు. బ్రేకుల సంగతి అడిగితే మాత్రం నవ్వేస్తారు. 'పాత బుల్లెట్ అంతే, మెల్లగా ఆగుతుంది' అని సరిపెట్టుకుంటారు. నిజంగా అంతేనా?

బుల్లెట్ పుట్టిల్లు ఇంగ్లాండులోని రెడిచ్. 1932లో ఆ పేరుతో తొలి బండి వచ్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. కొన్నేళ్లకు బ్రిటన్‌లో తయారీ ఆగిపోయినా మన దగ్గర ఆగలేదు. అందుకే ఆ పాతకాలపు వెనక బ్రేకు కూడా దశాబ్దాలపాటు అలాగే కొనసాగింది. ఆరంగుళాల డ్రమ్ము, అందులో రెండు షూలు, ఎడమ కాలి కింద పెడల్, దాన్నుంచి వెనక్కి ఓ ఇనుప రాడ్డు. అంతే!

వెనక బ్రేకు చిన్నదిగా ఉండటానికి కారణముంది. బ్రేకు వేయగానే బరువు ముందుకు తూగుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. అప్పుడు గట్టిగా పట్టుకుంటే చక్రం ఈడ్చుకుపోతుంది. అలాగని దాని పని తక్కువేం కాదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే హైవే సాఫీగానే ఉంటుంది. పక్కనున్న ఊళ్లలోకి తిరిగితేనే అసలు పరీక్ష. వాన పడితే ట్రాక్టర్ టైర్లు మోసుకొచ్చిన నల్లరేగడి బురద, కోతలప్పుడు తారు మీద ఆరబోసిన ధాన్యం. అక్కడ ముందు బ్రేకు గట్టిగా నొక్కితే బండి పడిపోతుంది. వెనక ఇంటావిడ, ట్యాంకు మీద పిల్లాడు ఉంటే ఇక చెప్పేదేముంది! ఎగువ అహోబిలం నుంచి దిగేటప్పుడైనా, గిద్దలూరు దారిలో నల్లమల ఘాట్ దిగేటప్పుడైనా వేగాన్ని గేరుతో అదుపు చేసి, వెనక బ్రేకును తోడు తీసుకోవాల్సిందే.

మరి ఆ బ్రేకు ఎందుకు పట్టదు? చాలాసార్లు తప్పు డిజైనుది కాదు, పట్టించుకోకపోవడానిది. ఇవి చూసుకోండి.

చైను బిగించినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది. దాంతో బ్రేకు రాడ్డు కూడా బిగిసి షూ డ్రమ్ముకు రాసుకుంటుంది. అందుకే ముందు రాడ్డు చివరి నట్టు వదులు చేసి, చైను పని అయ్యాక మళ్లీ సరిచేయాలి. చక్రం చేత్తో తిప్పితే రాపిడి లేకుండా తిరగాలి. పెడల్‌కు మాత్రం కాస్త ప్లే ఉండాలి.

బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు రాడ్డుకూ, డ్రమ్ము దగ్గరున్న లివర్‌కూ మధ్య దాదాపు 90 డిగ్రీల కోణం ఉండాలి. లివర్ అంతకన్నా ముందుకు వాలిపోతే ఎంత తొక్కినా బలం షూలకు చేరదు. నట్టు బిగిస్తూ పోవడం దానికి మందు కాదు. లైనర్లు అరిగాయేమో విప్పి చూడాలి.

లైనర్ అద్దంలా మెరుస్తుంటే ఎమరీ పేపరుతో గరుకు చేయొచ్చు. గ్రీజు తాగిన లైనర్‌ను పెట్రోలుతో కడిగి వాడేయకండి, మార్చేయండి. లోపలి క్యామ్‌కు గ్రీజు రవ్వంత చాలు. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. తడి గుడ్డతో తుడవండి.

చక్రం బిగించేటప్పుడు పెడల్ తొక్కి పట్టుకోమనండి. షూలు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి. పైసా ఖర్చులేని ఈ పనితోనే తేడా తెలుస్తుంది.

ఇక మార్పుల సంగతి. డ్రమ్ము గాడిపడితే లేత్ మీద పట్టిస్తారు. అప్పుడు డ్రమ్ము లోపలి కొలత పెరుగుతుంది, పాత షూ నడిమధ్యనే తగులుతుంది. కాబట్టి మందం లైనర్ వేయించి, డ్రమ్ముకు సరిపోయేలా గుండ్రంగా తీయించాలి. ఈ బండికి డ్రమ్మూ, వెనక పళ్లచక్రమూ ఒకే ముక్క. మరీ పలచబడితే మొత్తం మార్చడమే క్షేమం. కొందరు పొడవాటి లివర్ వేయిస్తారు. బలం పెరుగుతుంది నిజమే, కానీ పెడల్ ఎక్కువ దూరం దిగాలి. లివర్‌కు వెల్డింగ్ అతుకులు వేయించడం మాత్రం వద్దేవద్దు.

ఇంకొందరు బ్రేకును కుడివైపుకు మార్పించుకుంటారు. పాత బుల్లెట్‌కు కుడికాలు గేరుకు, ఎడమకాలు బ్రేకుకు. మిగతా బండ్లన్నీ దీనికి తిరకాసే. రోజూ వేరే బండి నడిపే కొడుకు నాన్న బుల్లెట్ తీశాడనుకోండి. గేదె అడ్డొచ్చినప్పుడు తొక్కేది కుడికాలే... గేరు మీద! ఆ భయంతోనే ఈ మార్పు. కానీ అడ్డంగా వేసే ఇరుసుతో కీళ్లు పెరుగుతాయి. అవి వదులైతే తొక్కిన బలంలో సగం అక్కడే పోతుంది. పైగా కంపెనీ నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు చెబుతుంది. రవాణా శాఖ ఆఫీసులో ముందే కనుక్కోండి. మార్చకపోతే, తాళం ఇచ్చేముందు పిల్లాడితో ఖాళీ మైదానంలో నాలుగు రోజులు సాధన చేయించండి.

125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. పాత బుల్లెట్‌కు ఆ భాగ్యం లేదు. దానికున్నదల్లా మీ కాలు, ఆ రాడ్డు, రెండు షూలు. ఈ ఆదివారం బండి కడిగేటప్పుడు ఓ అరగంట వాటికీ కేటాయించండి.