ప్రక్కన కూర్చొని నేర్పేవారు కావాలి



అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియోపీయుడైన మంత్రి తన రథంలో కూర్చొని యెషయా గ్రంథం చదువుకుంటూ ఉంటాడు. అక్షరాలు తెలుసు, భావం తెలియదు. ఫిలిప్పు అతన్ని ఫలానా రోజు సభకు రమ్మని చెప్పలేదు. తానే రథమెక్కి ప్రక్కన కూర్చొని, అతడు ఆగిపోయిన చోటునుండే మొదలుపెట్టాడు. మన పల్లెల్లో తిరిగే ఏ.ఎన్.ఎం.లకు, ఆశా కార్యకర్తలకు సాఫ్ట్‌వేర్ నేర్పే తీరు చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

మన రాష్ట్రంలో 2016లో ఏ.ఎన్.ఎం.ల చేతికి ట్యాబులు, అందులో 'అన్‌మోల్' అనే యాప్ వచ్చాయి. 2021లో దేశమంతటా 14 అంకెల ఆభా నంబరు వచ్చింది. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమాన్ని మన పల్నాడు జిల్లాలోని లింగంగుంట్లలోనే ప్రారంభించారు. పని రిజిస్టరు నుండి తెర మీదికి మారింది. నేర్పే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. నేనొకసారి కూర్చున్న శిక్షణలో యాభై మందికి ఒకటే తెర, దానిమీద అన్నీ ఇంగ్లీషు మాటలే. భోజనాల తర్వాత వెనుక వరుసలవాళ్ళు నకరికల్లు అడ్డరోడ్డుకు బస్సు ఎప్పుడో వాకబు చేస్తున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను.

ఒక్క ఉదాహరణ చెబుతాను. గర్భిణి పేరు నమోదు చేసేటప్పుడు చివరి బహిష్టు మొదటి రోజు ఏ తేదీ అని యాప్ అడుగుతుంది. మన ఆడపిల్లలు తేదీ చెప్పరు. "సంక్రాంతి వెళ్ళిన మూడు రోజులకక్కా" అంటారు. అంటే జనవరి 18 ప్రాంతం. దానికి 280 రోజులు కలిపితే కాన్పు అక్టోబరు ఆఖరి వారంలో. వేలు జారి నెల దగ్గర ఫిబ్రవరి పడిందనుకోండి, యాప్ నవంబరు ఆఖరు అని చూపిస్తుంది. లెక్కలో తప్పు లేదు, ఇచ్చిన తేదీయే తప్పు. నెలలు నిండిన తల్లిని చూసి తెర "ఇంకా నెల ఉంది" అంటుంది. కాన్పు రోజు దాటిపోతున్నా ఎవరూ ఉలిక్కిపడరు. ఇది తల్లీబిడ్డల ప్రాణాలతో పని.

పండుగను తేదీగా మార్చడం, తప్పు పడితే వెనక్కి వెళ్ళి దిద్దడం, సిగ్నలు లేని వీధిలో రాసినదాన్ని తర్వాత పంపడం, ఇవేవీ హాలులో రావు. ఆమె సొంత ఫోను, ఆమె సొంత ఊరి రిజిస్టరు ముందుంచుకొని, తెలుగులో, వారానికి ఒక అరగంట చొప్పున నెలరోజులు నేర్పాలి. నేర్పేవారు రోజూ అదే పని చేస్తున్న తోటి కార్యకర్త అయితే మరీ మంచిది. అంత దూరం రాలేనప్పుడు ఫోనులోనైనా ఇద్దరూ ఒకే తెర చూస్తూ మాట్లాడుకోవచ్చు. కాకపోతే ఆ అరగంటను డ్యూటీగా లెక్కించాలి, రాత్రి వంటయ్యాక చేసుకోమనకూడదు.

ఇంతమందికి విడివిడిగా ఎలా అంటారు. అందరికీ ఒకే పాఠం అక్కరలేదు కదా! ఇరవై ఏళ్ళ అనుభవమున్న అక్కకు గర్భిణి ముఖం చూస్తే రక్తహీనత తెలుస్తుంది, తెర మీద బటన్ నొక్కాలంటే చేయి వణుకుతుంది. కొత్తగా చేరిన అమ్మాయి చకచకా నొక్కేస్తుంది, హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువని వస్తే అదెంత ప్రమాదమో తట్టదు. ఈ ఇద్దరినీ జతగా కూర్చోబెడితే సగం శిక్షణ ఖర్చు లేకుండానే అయిపోతుంది.

కుటుంబాలవారికి ఒక మనవి. ఆమె ఫోను చూస్తూ ఆలస్యం చేస్తుంటే విసుక్కోకండి. రాయడం అయ్యాక, "తేదీ ఏం పడిందో ఒకసారి చదివి వినిపించమ్మా" అని అడగండి. తప్పుంటే అక్కడికక్కడే దిద్దించండి.