సిఫారసు పత్రము నెవరి నడుగవలెను?

మా పాఠశాలలో చదివి, వైద్యపట్టము నొంది, అమెరికాలో శస్త్రవైద్యమున రెసిడెన్సీకై యత్నించుచున్న పూర్వవిద్యార్థి యొకడు మాకు జాబు వ్రాసినాడు. పేరుమోసిన ఆచార్యుని యొద్ద నాతడు రెండు వారములే యుండెను. అంతగా పేరులేని వేరొక శస్త్రవైద్యుని యొద్ద రెండు మాసములు పనిచేసి, కుట్టు ముడి సరిగా వేయనందుకు చీవాట్లును తినెను. చీవాట్లు పెట్టినవారిని పత్రమడుగవచ్చునా యని యతని సందేహము. మన యూళ్లలో సిఫారసనగా పెద్దల పలుకుబడియే గాన, అతడు మొదటి పేరువైపు మొగ్గుట వింతకాదు.

రెండవవారినే యడుగవలెనని మా యభిప్రాయము. అచట నొక్కొక్క శిక్షణస్థానమునకు నాలుగు పత్రములకు మించి పంపరాదు. లైసెన్సు పరీక్ష మొదటి మెట్టునకు 2022 జనవరి నుండి మార్కులు లేవు. ఉత్తీర్ణుడగునో కాడో మాత్రమే తెలుపుదురు. కావున కన్నులార చూచినవారి సాక్ష్యమునకు విలువ హెచ్చినదని తలంచెదము. అయిదేండ్లు తమతో కత్తి పట్టబోవువాడు తప్పు చూపినప్పుడు దిద్దుకొనునా, ముఖము మాడ్చుకొనునా యనునది వారికి ముఖ్యము. దానిని చీవాట్లు పెట్టినవారే చెప్పగలరు.

ఏటేట యోగ్యతాపత్రములు వ్రాయు చేయి మాది. ఒకప్పుడొక బాలుడడుగగా, వానిని సరిగా నెరుగకయే, కాదనలేక, "సద్వర్తనుడు, శ్రద్ధాళువు" అని రెండు పంక్తులు వ్రాసి యిచ్చితిమి. వానికి సీటు రాలేదు. "నిన్నెరిగిన లెక్కల మాష్టారి నడుగుము, నాయనా" అని యుండవలసినది.

కావున, "నన్నుగూర్చి గట్టిగా వ్రాయగలరా?" యని సూటిగా నడుగుమనియు, వారు తటపటాయించినచో నమస్కరించి వచ్చివేయుమనియు అతనికి వ్రాసితిమి. దరఖాస్తులు సెప్టెంబరులో పంపవలెను. ఆ పెద్దమనిషి యేమనెనో యింకను జాబు రాలేదు.