గోడకి పూలచీర

ఇంగ్లండులో మన తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళ్తే ఒక సంగతి ఇట్టే కనిపెట్టేయొచ్చు. వంటింట్లో గ్రైండరు మారుతుంది, హాల్లో టీవీ మారుతుంది, గోడల రంగు మాత్రం మారదు. ఇల్లు కొన్ననాడు ఉన్న మాగ్నోలియా రంగే! మీగడకీ పాతబడ్డ సున్నానికీ మధ్య రకం. "ఎలాగూ రెండేళ్ళలో ఇండియా వెళ్ళిపోతాం, ఎందుకొచ్చిన హంగులు?" అనుకుంటాం. మా ఇంట్లో ఆ రెండేళ్ళు పదిహేనయ్యాయి.

కిందటి వేసవిలో మా నాన్నగారు ఆర్నెల్ల వీసా మీద వచ్చారు. వచ్చిన వారానికి కాఫీ తాగుతూ, "ఇల్లు కొనుక్కున్నారా, అద్దెకున్నారా?" అన్నారు. కొన్నదేనని ఆయనకి తెలుసు, గృహప్రవేశం ఫొటోలు చూశారు కూడా. "మరి గోడలు అద్దెవాళ్ళ గోడల్లా ఉన్నాయేమిటే?" అన్నారు. ఏటా సంక్రాంతికి ముందు సున్నంలో నీలిమందు కలిపి, కుంచె పట్టుకుని స్వయంగా నిచ్చెనెక్కిన మనిషి. ఆయనకి ఏం జవాబు చెప్పను?

అందుకని ఈసారి మన శీర్షికలో వాల్‌పేపర్ గురించి. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికేది గోడకే పేస్టు రాసి, పొడి కాగితం అంటించే రకం. అది సులువే. నేను చెప్పబోయేది పాతకాలపు పద్ధతి: కాగితానికి వెనకవైపు పేస్టు రాసి, నానబెట్టి అంటించేది. కాస్త ఓపిక కావాలి. కానీ ఇంటిల్లిపాదికీ పని దొరుకుతుంది, పిల్లలకి ముఖ్యంగా.

మొదట లెక్క. పిల్లలూ, ఇది మీ వంతు! ఇక్కడ ఒక రోల్ సాధారణంగా 10.05 మీటర్ల పొడవు, 52 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. (అమెరికాలో ఉన్న మన పాఠకులు ఈ కొలతలు నమ్ముకోవద్దు, అక్కడి రోల్స్ వేరు.) మా పాప గదిలో మంచం తలవైపు గోడ 3.6 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు. వెడల్పుకి ఏడు పట్టీలు కావాలి. ఒక్కో పట్టీకి పైనా కిందా చెరో 5 సెంటీమీటర్లు వదులుకుంటే 2.5 మీటర్లు. అంటే సాదా కాగితమైతే రోల్‌కి నాలుగు పట్టీలు వస్తాయి, రెండు రోల్స్ సరిపోతాయి. కానీ మేం తెచ్చిన దానిమీద పువ్వు ప్రతి 53 సెంటీమీటర్లకీ మళ్ళీ వస్తుంది. పక్కపక్క పట్టీల్లో పువ్వు కలవాలంటే ప్రతి పట్టీకీ ఐదు పూల పొడవు, అంటే 2.65 మీటర్లు కోయాలి. అప్పుడు రోల్‌కి మూడే పట్టీలు. ఏడు పట్టీలకి మూడు రోల్స్. మా పాప ఈ లెక్క తాతయ్యకి వివరించి, "మూడు రోల్స్ కావాలి" అంది. "మూడు రోళ్ళెందుకే, ఊరందరికీ పచ్చడి నూరతారా?" అన్నారాయన. ఆ జోకు నేను విడమర్చి చెప్పేసరికి అది కాస్తా చచ్చిపోయింది!

కొనేటప్పుడు అన్ని రోల్స్ మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా అని చూసుకోండి. నంబరు మారితే రంగులో వెంట్రుకవాసి తేడా వస్తుంది. చేతిలో కనిపించదు, గోడమీద కనిపిస్తుంది.

పేస్టు సంగతి నాన్నగారికి బాగా నచ్చింది. బందరులో ఆయన చిన్నప్పుడు సినిమా పోస్టర్లకి మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపేవారట. ఇక్కడా పూర్వం పిండితో కాచిన జిగురే. ఇప్పుడు దొరికేది సెల్యులోజ్ పొడి, చన్నీళ్ళలో కలిపితే చాలు. చాలావాటిలో బూజు పట్టకుండా మందు ఉంటుంది కాబట్టి పిల్లలు చేతులు కడుక్కున్నాకే చిరుతిళ్ళ జోలికి వెళ్ళాలి.

గోడ పగుళ్ళు పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, అదే పేస్టుని పల్చగా కలిపి ముందు గోడకి ఒక పూత వేయాలి. చీరకి గంజి పెట్టినట్టన్నమాట. లేకపోతే గోడ తడినంతా పీల్చేసుకుంటుంది, కాగితాన్ని అటూ ఇటూ జరపడానికి వీలుండదు.

ఇక అసలు కిటుకు నానబెట్టడంలో ఉంది. తడి తగిలిన కాగితం సాగుతుంది. బల్లమీద సాగితే మంచిదే. సాగకముందే గోడకెక్కిస్తే గోడమీద సాగి, బుడగలు లేస్తుంది. అందుకని పేస్టు అంచులదాకా రాసి, రెండు కొసలూ మధ్యకి తెచ్చి, పేస్టు మీద పేస్టు పడేలా మెత్తగా మడవాలి. పెసరట్టు మడతలా, నొక్కకూడదు. తర్వాత లేబుల్ మీద రాసినన్ని నిమిషాలు వదిలేయాలి. ప్రతి పట్టీకీ అన్నే నిమిషాలు! ఒకటి ఐదు నిమిషాలు, ఇంకొకటి పది నిమిషాలు నానితే రెండూ ఒకలా సాగవు, పువ్వు పువ్వుతో కలవదు. మా ఇంట్లో గడియారం బాధ్యత పాపది. తాతయ్య తొందరపడినా సరే, "ఇంకా రెండు నిమిషాలు తాతయ్యా" అని చెయ్యి అడ్డుపెట్టేది.

ఏ ఇంట్లోనూ గోడల మూలలు తిన్నగా ఉండవు. మూలని నమ్ముకుని మొదటి పట్టీ వేస్తే ఏడో పట్టీ దగ్గరికి పూలన్నీ ఒకవైపు వాలిపోతాయి. మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వేలాడదీసే గుండు చూశారుగా? దారానికి ఏ బరువు కట్టినా చాలు. దారం ఊగడం ఆగాక పెన్సిల్‌తో గీత గీసుకుని, ఆ గీత వెంబడి మొదటి పట్టీ వేయాలి. పెద్ద పువ్వైతే గోడ మధ్య నుంచి మొదలుపెట్టడం అందం. బ్రష్‌తో మధ్య నుంచి అంచులకి గాలి తోసేయాలి. పట్టీలు పక్కపక్కన ఆనాలి కానీ ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. పైనా కిందా మిగిలినదాన్ని కత్తెర వీపుతో గీరి, గీత పడ్డాక వెనక్కి లాగి కత్తిరించి, మళ్ళీ అంటించాలి. స్విచ్చుల దగ్గర పని చేసేటప్పుడు మెయిన్ ఆపేయండి, ఇందులో బద్ధకం వద్దు. ఆ రాత్రి చిన్న చిన్న బుడగలు కనిపిస్తే కంగారు పడకండి, ఆరేకొద్దీ చాలావరకు బిగుసుకుంటాయి. త్వరగా ఆరాలని మాత్రం హీటింగ్ పెంచొద్దు, అతుకులు విచ్చుకుంటాయి.

మేం ఎంచుకున్నది తీగలూ పూలూ అల్లుకున్న నమూనా. నాన్నగారు చూడగానే, "ఇది మన పెడన అద్దకం కదే!" అన్నారు. ఆ మాట ఉత్తినే కొట్టిపారేయాల్సింది కాదు. కోరమాండల్ తీరం నుంచి, మన బందరు రేవు నుంచి కూడా, పూల అద్దకం బట్టలు ఓడల్లో ఇక్కడికి వచ్చేవి. జనం ఎంత ఎగబడ్డారంటే, ఇక్కడి నేతగాళ్ళు గోల పెట్టి 1700లోనూ 1721లోనూ పార్లమెంటు చేత వాటిమీద నిషేధం చట్టాలు చేయించారు. ఆ పూలే గోడకాగితాల మీదికీ ఎక్కాయి. కాగితాన్నీ వదల్లేదు లెండి, అచ్చువేసిన గోడకాగితం మీద 1712 నుంచి 1836 దాకా పన్ను ఉండేది! విలియం మోరిస్ 1862లో తన మొదటి వాల్‌పేపర్ నమూనా గీశాడు. ఆయన కాగితాలు అచ్చువేసింది కూడా చెక్క దిమ్మలతోనే, ఒక్కో రంగుకీ ఒక్కో దిమ్మ, పెడనలో చేసినట్టే. మాంచెస్టర్ వైపు ఉన్నవాళ్ళు విట్‌వర్త్ గ్యాలరీని, లండన్ వాళ్ళు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియాన్ని ఒకసారి చూడండి. రెండుచోట్లా పాత వాల్‌పేపర్ల పెద్ద సేకరణలున్నాయి.

మా పాపకి పదకొండేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, నోట రాదు. నాన్నగారి ఇంగ్లీషు ఆఫీసు ఉత్తరాల ఇంగ్లీషు, పాప యాస ఆయనకి అందదు. మొదటి నెల ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకోవడంతో సరిపోయింది. నాకది లోపల ముల్లులా ఉండేది, ఆర్నెల్లూ అలాగే గడిచిపోతాయేమోనని. ఈ పని రెండు రోజులు పట్టింది. నిచ్చెన మీద నేను, కింద వాళ్ళిద్దరూ. "ఇంకొంచెం పైకి", "కాస్త కిందకి", "వాలింది", "ఆగు", "చాలు చాలు". మూడో పట్టీకి పాపే అంటోంది, "తాతయ్యా, అంచు కలవలేదు" అని. అంచు అంటే చీరకే అనుకుందట అంతవరకూ.

ఇక్కడ రంగుల పనివాళ్ళకి ఒక అలవాటుంది, కాగితం వేసేముందు ఖాళీ గోడమీద పేరూ తేదీ పెన్సిల్‌తో రాసుకుంటారు. మేమూ రాశాం. నాన్నగారు మా ఊరి పేరు కూడా చేర్చారు. మళ్ళీ ఎవరో ఎప్పుడో ఆ కాగితం పీకితే తెలుగు అక్షరాలు చూసి ఏమనుకుంటారో!

మూడు రోల్స్‌లో తొమ్మిది పట్టీలొచ్చాయి, ఏడు గోడకెక్కాయి. మిగిలిన రెంటిలో ఒకటి చుట్టి బీరువా మీద పెట్టాను, ఎప్పుడైనా చిరిగితే అతకడానికి. రెండోదాంతో నాన్నగారు వెళ్ళేముందు పాప తెలుగు బడి పుస్తకాలకి అట్టలు వేసిచ్చారు. లేబుల్ మీద పేరు అదే రాసుకుంది, తెలుగులో. ఒక దీర్ఘం తక్కువైంది, ఆయన దిద్దనివ్వలేదు.