ఓడినవాడి సరుకు

1945 ఏప్రిల్. సోవియట్ సేనలు బెర్లిన్ ముంగిటికి వచ్చేశాయి. తూర్పు రంగంలో జర్మన్ సైనిక గూఢచర్యాన్ని నడిపిన రైన్‌హార్డ్ గెహ్లెన్ చెప్పే చేదు అంచనాలు హిట్లర్‌కు రుచించలేదు, పదవి ఊడింది. అయితే గెహ్లెన్ అప్పటికే జాగ్రత్తపడ్డాడు. ఎర్రసైన్యం వివరాలున్న ఫైళ్లను మైక్రోఫిల్ముల కెక్కించి, నీరు చొరబడని పీపాల్లో పెట్టించి, ఆల్ప్స్ కొండల్లో పాతిపెట్టించాడు. మే నెలలో అమెరికన్లకు లొంగిపోయాక బేరానికి అవే అక్కరకొచ్చాయి. 1956లో పశ్చిమ జర్మనీ గూఢచార సంస్థకు తొలి అధిపతయ్యాడు. 1968 దాకా ఆ కుర్చీ ఆయనదే. పాత నాజీలు కొందరికి అక్కడ కొలువులూ దొరికాయి.

యుద్ధంలో ఓడినవాళ్లంతా నష్టపోరు. గుట్టు తెలిసినవాడికి గెలిచినవాళ్ల దగ్గరే గిరాకీ. ఆ గిరాకీ ముందు న్యాయం ఎలా చిన్నబోయిందో ఈ సంచిక వ్యాసాలు ఆరా తీస్తాయి. చదవండి, ఒప్పుకోకపోతే ఉత్తరం రాయండి.

— సంపాదకుడు