క్షయ – పరిశోధన నేర్పిన పాఠము

క్షయరోగికి ఊరికి దూరముగా శానిటోరియం వాసము, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము తప్పనిసరియని వైద్యలోకము ఒకప్పుడు గాఢముగా నమ్మినది. బీదవానికి అవి ఎక్కడివి?

ఈ ప్రశ్నకు 1956లో మద్రాసులో ప్రారంభమైన పరిశోధన సమాధానము వెదకినది. 193 మంది రోగులను, వైద్యుల ఇష్టానుసారము గాక చీట్లు తీసినట్లుగా రెండు వర్గములు చేసి, ఒకరిని శానిటోరియంలో, మరొకరిని ఇంటివద్దనే ఉంచి, అవే మందులు ఏడాదిపాటు ఇచ్చిరి. 1959లో ఫలితములు వెలువడినవి. ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారు సైతము కొద్ది తేడాతో శానిటోరియం రోగులవలెనే కోలుకొనిరి. వారి ఇంటివారికి వ్యాధి సోకు ప్రమాదమును అధికము కాలేదు.

వైద్యము నమ్మకముపై గాక పరీక్షపై నిలువవలెనని మా దృఢాభిప్రాయము. ఈ జ్ఞానమును లోకమునకు ఇచ్చినవారిలో వైద్యులతోపాటు ఆ పేదరోగులును ఉన్నారు.

అయినను, సంబంధము తప్పిపోవునని ఆడపిల్ల దగ్గును దాచిపెట్టు ఇండ్లు నేటికిని గలవు. కాస్త కుదుటపడగానే మందులు మానివేయువారును గలరు. మందు చేతికందినను సిగ్గు ప్రాణము తీయుచున్నది.

విద్యార్థులారా! రెండు వారములు మించిన దగ్గు కనిపించినచో మీ ఇంటివారిని తెమడ పరీక్షకు తీసికొనిపోవుడు. మందులు చివరివరకు వాడించుడు. చదువుకున్నవారు ఇంటికి చేయవలసిన మొదటి సేవ ఇదియే.