మండువాకు మూత వేయకండి
పిఠాపురం రాజా సూర్యారావు బహద్దూర్ పోషణలో తయారై, 1936లో తొలి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు మన మాటలను కాపాడింది. మండువా, అరుగు, దూలం, వాసం అన్న మాటలకు ప్రాణమిచ్చిన పాత ఇళ్లను కాపాడవలసింది మాత్రం మనమే. పెంకుటింట్లో ఉండేవాళ్లకు మంచి స్నానాలగది, వంటగదిలో కుళాయి, ఫ్యాను, ఏసీ కావాలి. అందులో తప్పేమీ లేదు. కానీ వాటికోసం మండువా మీద స్లాబు వేయడం తప్పు. ఇంట్లోకి గాలీ వెలుతురూ దిగేది అక్కడినుంచే, వేసవి వేడి పైకి పోయేదీ అక్కడినుంచే. దొంగల భయమైతే ఇనుప చట్రం బిగించండి, దోమలకు జాలీ వేయండి. సున్నపు గోడకు సిమెంటు పూయడం ఇంకా పెద్ద పొరపాటు. సముద్రం దగ్గరి ఊళ్లలో తేమ ఎక్కువ. గోడ పీల్చిన చెమ్మ సున్నంలోంచి ఆరిపోతుంది, సిమెంటు పూస్తే లోపలే నిలిచి ఇటుకను తినేస్తుంది. సున్నం రాలితే మళ్లీ సున్నమే పూయాలి. స్నానాలగదులు పెరటివైపు కట్టుకోవాలి, కరెంటు తీగలు గోడ తొలవకుండా పైపుల్లో నడపాలి. పుచ్చిన వాసం ఒక్కటుంటే దాన్నే మార్చాలి, కప్పంతా పీకకూడదు. ఇల్లు కూల్చి అమ్మిన టేకు దూలాన్ని రేపు ఎంత డబ్బు పెట్టినా తిరిగి తెచ్చుకోలేం. పలుగు ఎత్తే ముందు, సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీని ఒక్కసారి ఇంటికి పిలిచి అడగండి.